మంచంలో ఉంటే పింఛను, లేస్తానంటే దిక్కు లేదు

ప్రతి ఆదివారం మా నాన్న కుడిచేతి గోళ్లు నేనే తీస్తాను. ముందు గోరువెచ్చటి నీళ్లలో ఆ చెయ్యి పది నిమిషాలు ఉంచాలి. తర్వాత మణికట్టును కిందికి వంచి, బొటనవేలుతో మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పాలి. తొందరపడ్డామా, పిడికిలి ఇంకా బిగుస్తుంది. రెండు వారాలు తప్పితే గోళ్లు అరచేతిలోకి దిగి పుండు పడుతుంది. గురజాల పక్కన మా ఊళ్లో నాలుగెకరాల మిరప చేనుకు మందు కొట్టిన చెయ్యి అది. మిర్చి టిక్కీలు లారీకెత్తిన చెయ్యి. ఆ చేతిని జబ్బు సగమే చంపింది. మిగతా సగం చంపింది పట్టించుకోకపోవడం. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను, దాచుకోను.

నాలుగేళ్ల కిందట మిరపకాయ కోతల్లో, తెల్లవారుజామున పంపు దగ్గర పడిపోయాడు. మూతి వంకర పోయింది, కుడివైపు చచ్చుబడింది. ఫోను చేసిన ఇరవై నిమిషాల్లో 108 వచ్చింది. టౌనులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, స్కానింగ్ తీశారు, పన్నెండు రోజులు ఉంచుకుని బతికించి పంపారు. అందుకు ఆ డాక్టర్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను. డిశ్చార్జి రోజు కాగితం మీద ఏడు రకాల మాత్రలు, ఏది పరగడుపున, ఏది అన్నం తిన్నాక, అన్నీ వివరంగా రాసి ఉన్నాయి. అట్టడుగున ఒక్క ముక్క: ఫిజియోథెరపీ చేయించగలరు. ఎవరితో? ఎక్కడ? ఎన్ని రోజులు? ఇంట్లో మేమేం చెయ్యాలి? ఒక్కదానికీ జవాబు లేదు. అడిగితే, "ప్రాణం దక్కింది కదమ్మా, మెల్లగా అదే వస్తుంది" అన్నారు.

ఆ తర్వాత ఈ "ప్రాణం దక్కింది కదా" అనే మాట ఎంతమంది నోట విన్నానో! ఆఫీసులో విన్నాను, క్యాంపులో విన్నాను, పరామర్శకు వచ్చిన చుట్టాల దగ్గర విన్నాను. ప్రాణం దక్కిన మనిషి పాతికేళ్లు బతకాలి. లుంగీ కట్టుకోవాలి, బాత్‌రూమ్‌కి వెళ్లాలి, ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకోవాలి. ఇవి ఎవరి బాధ్యత?

ఇంటికి తెచ్చిన మొదటి నెలంతా మేమేం చేశామో చెబుతాను. మంచం మీంచి లేపేటప్పుడు ఎడమచేతిని అమ్మ, కుడిచేతిని తమ్ముడు పట్టుకుని లాగేవాళ్లు. మనిషిని లేపాలంటే అందరికీ తెలిసిన పద్ధతి అదే కదా. పక్షవాతం వచ్చిన చేతికి భుజం చుట్టూ కండరాల పట్టు ఉండదు. చెయ్యి బరువుకే ఎముక గూటిలోంచి కిందికి జారుతుంది. అలాంటి చేతిని పట్టి లాగితే ఇంకేమవుతుంది? మూడో వారానికి భుజం కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఏర్పడింది. రాత్రిళ్లు నొప్పికి ఆయన మూలుగుతుంటే, అది జబ్బు బాధే అనుకున్నాం. కాదు. మా చేతులతో మేము తెచ్చిపెట్టిన బాధ. చెయ్యి పట్టి లాగొద్దు, చంక కింద కాదు, నడుము దగ్గర పట్టుకుని లేపండి అని ఒక్కరు, ఒక్క నిమిషం చెప్పి ఉంటే సరిపోయేది.

పడుకున్నప్పుడు ఆ భుజం కింద దిండు పెట్టాలి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి దగ్గర పుండ్లు పడతాయి. పాదం కిందికి వాలిపోకుండా ఆసరా ఇవ్వాలి, లేకపోతే పిక్క కండరం కుదించుకుపోయి, తర్వాత నిలబడదామన్నా మడమ నేలకు ఆనదు. రోజూ ప్రతి కీలునూ మెత్తగా ఆడించాలి. వీటికి లక్షల రూపాయల మిషన్లేం అక్కర్లేదు. రెండు దిళ్లు, చూపించే మనిషి ఒకరు. ఆ ఒక్క మనిషే మాకు దొరకలేదు.

మా వైపు ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టించడం" అనుకుంటారు. డబ్బా తెచ్చి, ప్యాడ్లు అంటించి, చురుక్కుమనిపించి వెళ్తారని. ఆ మిషన్లకు వాటి పని వాటికుంది. కానీ అసలు వైద్యం వేరే. మెదడులో ఒక భాగం దెబ్బతింటే పక్క భాగాలు ఆ పని నేర్చుకోగలవు, అదీ నేర్పితేనే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తించడంతో మొదలుపెడతారు. మంచం అంచున కూర్చోబెట్టి బరువు చచ్చుబడ్డ వైపు మోపిస్తారు. కుర్చీలోంచి లేచి నిలబడడం రోజుకు పదులసార్లు చేయిస్తారు. చేతిలో కొంచెం కదలిక మిగిలి ఉన్నవాళ్లకు, మంచి చేతిని కట్టేసి చచ్చుబడ్డ చేతితోనే గ్లాసు పట్టించే పద్ధతి ఉంది. అద్దం పెట్టి, మంచి చెయ్యి కదలికను చూపిస్తూ, కదలని చెయ్యే కదులుతున్నట్టు మెదడును నమ్మించే పద్ధతి ఉంది. మొదట చెయ్యి తెగిపోయినవాళ్ల నొప్పి కోసం దాన్ని కనిపెట్టింది తమిళనాడులో పుట్టిన శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్. దానికి కావలసింది ఒక అద్దం! అద్దం లేని ఇల్లు పల్నాడులో ఉందా?

కావలసిన ఇంకొకటి సమయం. తిరిగి రాబోయే శక్తిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఆరు నెలలు దాటాక ఆ వేగం బాగా తగ్గుతుంది. నాన్నను నేను నరసరావుపేట తెచ్చుకుని ఫిజియోథెరపీ మొదలుపెట్టించింది నాలుగో నెలలో. అప్పటిదాకా మా దగ్గర డబ్బులూ లేవు, తెలివీ లేదు. ఫిజియోథెరపీ చేసిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. "తాతా, నన్ను పట్టుకోవద్దు, నేలను తొక్కు. గట్టిగా తొక్కు" అంటూ ఆరు వారాల్లో నిలబెట్టింది. ఇప్పుడు కర్ర పట్టుకుని, కాలు ఈడుస్తూ, బాత్‌రూమ్‌కి ఆయనే వెళ్తాడు. చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి తల దించుకుంది. "మొదటి నెలలో తెచ్చుంటే బాగుండేదక్కా" అంది.

ఇక ప్రభుత్వం లెక్క చూడండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ. ఆపరేషన్లకు, ఆసుపత్రి పడకకు డబ్బు కడుతుంది. మంచిదే, దాని వల్ల బతికిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. కానీ గడప దాటి ఇంటికొచ్చాక రోజూ చేయించాల్సిన కసరత్తు ఎవరి ఖాతా? 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 చేశారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఆ డబ్బు ఇవ్వొద్దని అననే అనను, మంచంలో మనిషి ఉన్న ఇంటి ఖర్చు నాకు తెలుసు. నేనడిగేది ఒక్కటే. మంచంలో ఉన్నందుకు నెలనెలా జీవితాంతం ఇవ్వగలిగిన ప్రభుత్వానికి, మంచం పట్టకుండా చూసే మూడు నెలల వైద్యం ఎందుకు భారమైంది?

2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని మొదలుపెట్టింది మా పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. ఊరికి బండిలో డాక్టరు వస్తాడు, బీపీ చూస్తాడు, మంచం పట్టినవాళ్ల ఇంటికే వెళ్లి మందులిస్తాడు అన్నారు. విని ఎంత ఆశపడ్డానో. ఆ బండిలో డాక్టరుకు చోటుంది, మందుల పెట్టెకు చోటుంది. ఫిజియోథెరపిస్టుకు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఉంటుంది, ఫార్మసిస్టు పోస్టు ఉంటుంది. మనిషిని లేపి నిలబెట్టేవాళ్ల పోస్టు ఉండదు.

అలాగని ప్రభుత్వానికి ఈ వైద్యం విలువ తెలియదా? తెలుసు. వైకల్యమున్న బడి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో, నడవలేని పిల్లలకు వారానికోసారి ఫిజియోథెరపీ చేయిస్తున్నారు. వారానికోసారి చాలదు, అయినా అది ఉండబట్టే ఎందరో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెళ్తున్నారు. బడి వయసు దాటితే ఆ తలుపూ మూసుకుంటుంది. చట్టమూ తెలుసు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పునరావాసం ప్రభుత్వాల విధి అని ఉంది. 2021లో ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సభ పునరావాస వైద్యాన్ని ప్రతి దేశం తన ఆరోగ్య వ్యవస్థలో కలుపుకోవాలని తీర్మానించింది. ఏటా సెప్టెంబర్ 8న ఫిజియోథెరపీ దినం అని బ్యానర్లు కడతారు. ఆ బ్యానరు గుడ్డ మా ఊరిదాకా ఎప్పుడొస్తుంది?

ఈ ఖాళీలోకే పావురం రక్తం వస్తుంది. చచ్చుబడ్డ వైపు పావురం రక్తం పూస్తే వేడికి నరాలు లేస్తాయని మా మేనత్త తెప్పించింది కూడా. పక్షవాతానికి నాటు మందు కోసం చిత్తూరు జిల్లా విరూపాక్షపురం దాకా బస్సులెక్కి పోయినవాళ్లున్నారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుని, కట్టు విప్పాక మోచెయ్యి వంగక అలాగే ఉండిపోయినవాళ్లున్నారు. వాళ్లను మూఢులంటే నేనొప్పుకోను. కట్టు కట్టేవాడు "రా అయ్యా, కూర్చో" అని చెయ్యి పట్టుకుంటాడు. వాళ్లకు దొరికిన చెయ్యి అదే.

వేలూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడే పునరావాస కేంద్రం తెరిపించింది. అరవై ఏళ్లు కావస్తోంది. అయినా ఇప్పటికీ మాచర్ల మనిషికి గుంటూరు పెద్దాసుపత్రే నూరు కిలోమీటర్ల పైమాట. నడవలేని మనిషి నడక నేర్చుకోవడానికి రోజూ అంత దూరం ఎలా వెళ్తాడు? పోనీ ఆటో మాట్లాడుకుందామా అంటే, ఆటో కిరాయి కూలి డబ్బుల్ని మించిపోతుంది. ఆయనతో పాటు ఇంకొకరి కూలీ పోతుంది. వారం వెళ్తారు, రెండో వారం మానేస్తారు. రికార్డుల్లో మాత్రం "రోగి రాలేదు" అని రాసుకుంటారు.

ఈ పని చేయగల పిల్లలు లేరా? నాలుగున్నరేళ్లు ఫిజియోథెరపీ చదివి బయటికొచ్చి, ఉద్యోగం లేక ఊళ్లు వదిలి పోతున్నారు. రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఒకరిని వెయ్యండి. స్కూటరు కొనివ్వండి. ఆసుపత్రి నుంచి పక్షవాతం రోగి ఇంటికొచ్చిన వారంలోగా ఆ మనిషి ఆ ఇంటి గడప తొక్కాలని రూలు పెట్టండి. పిడుగురాళ్ల మెడికల్ కాలేజీ కోసం జిల్లా అంతా ఎదురుచూస్తోంది. దాంట్లో ఈ విభాగానికి ఒక గది కాదు, మంచి పెద్ద హాలు కట్టండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా వీధి చివర ఇంటి ముందు ఆటో ఆగింది. వాళ్ల పెద్దాయనకు పక్షవాతం, ఆసుపత్రి నుంచి అప్పుడే తెచ్చారు. ఆ ఇంటావిడ చేతిలో అలాంటి కాగితమే. మాత్రలన్నీ వరసగా, అట్టడుగున ఆ ఒక్క ముక్క. నేను కాగితం చదువుతుండగానే కొడుకులిద్దరూ ఆటోలోకి వంగి, ఆయన్ని చెరో చెయ్యి పట్టి బయటికి లాగుతున్నారు. "ఆ చెయ్యి లాగొద్దురా!" అని వీధంతా వినపడేట్టు అరిచాను.

అరుగు మీద కూర్చున్న మా నాన్న లేచి, కర్ర పట్టుకుని, కాలీడ్చుకుంటూ అటే బయల్దేరాడు.