ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు చెప్తారు. కత్తుల సంగతి నిజమే గానీ, కంప్యూటర్ సంగతి అది కాదు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండొచ్చు. మన ల్యాబ్‌లో అలా పెట్టాలని నా అభిప్రాయం.

మిత్రులారా, ముందు అది ఎట్లా జరుగుతుందో చెప్తాను. హార్డ్ డిస్క్‌ని ఒక పొలం అనుకోండి. మధ్యలో గట్టు వేసి రెండు మడులు చేస్తాం. ఒక మడిలో విండోస్, రెండో మడిలో లినక్స్. పవర్ ఆన్ చేయగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చి, దేంట్లోకి వెళ్తావని అడుగుతుంది. బాణం మీటతో ఎంచుకుని ఎంటర్ నొక్కితే సరి. ఒకసారికి ఒకటే నడుస్తుంది కాబట్టి రెండూ కొట్టుకోవు.

"ఉన్నది చాలదా?" అని కొందరు అంటారు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 కావాలి. పాత కంప్యూటర్లు చాలావాటికి ఆ అర్హత లేదు. పనిచేసే మిషన్లే తుక్కు కింద లెక్క అయిపోతాయి. లుబుంటు లాంటి తేలికైన లినక్స్ వాటిమీద కూడా నడుస్తుంది. పైసా కట్టక్కర్లేదు.

రెండో కారణం ఇంకా పెద్దది. లినక్స్‌ని 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టాడు. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మెనూలను తమ భాషలోకి తెచ్చుకోవచ్చు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామం పేరుతో ఉన్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అక్షరాలైతే వచ్చాయి, మరి గోండిలో మెనూలు ఎవరు రాస్తారు? అమ్మకాల లెక్క చూసుకునే కంపెనీ కోసం కూర్చుంటే ఎన్నాళ్లకో! మనమే రాయాలి. ఎవరి అనుమతీ అడక్కుండా రాసుకోనిచ్చేది లినక్స్. కోయ, సవర, కువి మాట్లాడేవాళ్లకీ ఇదే మాట.

చెడిపోతే ఎవరిది బాధ్యత అని వార్డెను గారు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గట్టు వేసేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపేయి" అన్నదాన్ని నొక్కితే ఉన్నదంతా పోతుంది. అందుకని మొదట పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూద్దాం, డిస్క్‌ని ముట్టుకునే పని ఉండదు. బాగుంటే ఫైళ్లన్నీ వేరేచోట కాపీ చేసుకుని, సార్ దగ్గరుండగా ఒక్క కంప్యూటర్‌లో ఎక్కిద్దాం. ఆఫీసు కంప్యూటర్ జోలికి పోవద్దు.

ఇంకో చిన్న చిక్కు ఉంది. లినక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించవచ్చు. ఒక సెట్టింగ్ మారిస్తే పోతుంది. అది చూసి స్టడీ అవర్‌కి ఆలస్యంగా రావద్దు!

విండోస్ తీసేయమని నేను అనడం లేదు. రేపు ఉద్యోగాల్లో అదీ అడుగుతారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మనకి రెండూ రావాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే మనకి ఇది కష్టమా? అందరూ ఆలోచించండి.