మల్కిభరామునికి మఖమలెందుకు?

తెలుగు కవులను ఆదరించిన మల్కిభరాముడు, అనగా గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580), మన నాటకాలలో కిరాయి మఖమలు కోటు తొడుక్కుని చెమటలు కక్కుతూ దర్శనమిస్తాడు. నాకిది రుచించదు. నాటి, ఆ తరువాతి దక్కనీ చిత్రాలలో ప్రభువులు ధరించినది తరచుగా పలుచని తెల్లని జామా. ఛాతీ వద్ద బిగువు, నడుము నుండి కుచ్చిళ్ళు, చంక క్రింద ముడివేసే నాడాలు, నడుమున పట్కా.

మా పాఠశాల నాటకానికి పాతబస్తీ దర్జీ చేత మల్లుగుడ్డతో కుట్టించాను. తొడిగి చూస్తే చంకలు పట్టేశాయి. బాలుడు చేయెత్తి పద్యం చదువలేకపోయాడు. దర్జీ కుట్లు విప్పి, చంకలలో చదరపు ముక్కలు అతికాడు. తళుకులు లేని రాజేమిటని కొందరు గొణిగారు (వారెరిగినది సినిమా రాజును). ఖర్చు కిరాయికి మించింది, ఒప్పుకుంటాను. మరుసటి ఏడు కాస్త లావాటి బాలునికి నాడాలు వదులు చేసి ఆ జామానే తొడిగాము.