ఇంగ్లీషులో “అండి” ఎక్కడున్నది?

మన భాషలో “అండి” అని ఒక చిన్న ముక్క ఉన్నది. అది చేసే పని మాత్రం చిన్నది కాదు. “ఇవ్వు” అన్న మాటకు దాన్ని తగిలించి “ఇవ్వండి” అంటే చాలు, మాటకు మర్యాద వచ్చేస్తుంది. “చెప్పు” కాస్తా “చెప్పండి” అవుతుంది, “కూర్చో” కాస్తా “కూర్చోండి” అవుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడు ఇంటికి వచ్చిన పెద్దాయనను చూసి, “రండి, కూర్చోండి,” అంటే ఆయన మురిసిపోయి, “ఎంత బుద్ధిమంతుడమ్మా మీవాడు!” అంటాడు.

ఇప్పుడు ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. వాడు గుంటూరులోనో వరంగల్లులోనో అయిదో తరగతి దాకా చదివి, తండ్రి ఉద్యోగం మూలాన లండను వెళ్ళి అక్కడి బడిలో చేరాడు. మొదటి రోజునే వాడికి పంతులమ్మ బల్ల మీద ఉన్న కాగితం ఒకటి కావలసివచ్చింది. అక్కడి బళ్ళలో పంతులమ్మను “మిస్” అని పిలుస్తారు. మన వాడి మనసులో మెదిలిన మాట, “మిస్, కాగితం ఇవ్వండి,” అని. ఎంతో వినయంగానే అనుకున్నాడు పాపం! దాన్నే ఇంగ్లీషులో పెట్టి, “మిస్, గివ్ మి ద పేపర్,” అన్నాడు. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. పక్కనున్న పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

వాడు చేసిన తప్పేమిటి? వ్యాకరణంలో ఏ తప్పూ లేదు. “ఇవ్వండి”లో ఉన్న “అండి” మాత్రం తెలుగు నుంచి ఇంగ్లీషుకు వచ్చే దారిలో జారిపోయింది. వాడు అన్నది “ఇవ్వండి” అని. వాళ్ళకు వినిపించింది “ఇవ్వు” అని.

పిల్లలకే కాదు, పెద్దలకూ ఈ చిక్కు ఉన్నది. అమెరికాలో ఉన్న పిల్లలను చూడబోయిన తాతగారు అక్కడ ఏ హోటలులోనో, “ఐ వాంట్ వాటర్,” అంటారు. మన కిరాణా కొట్లో “అరకిలో చక్కెర కావాలి” అంటే ఎవరూ ఏమీ అనుకోరు. కాని ఇంగ్లీషులో ఉత్త “ఐ వాంట్” అంటే, చంటిపిల్లవాడు కాళ్ళు నేలకు తన్ని “నాకు కావాలంతే!” అన్నట్టు ఉంటుంది. “కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?” అంటే సరిపోయేది. మర్యాదస్తుడైన మనిషికి మోటువాడన్న పేరు రావటం ఎంత అన్యాయమో చూడండి!

మరి ఇంగ్లీషువాళ్ళకు “అండి” వంటిది లేనే లేదా? వెనకటికి ఉండేది. మనకు “నువ్వు”, “మీరు” అని రెండు ఉన్నట్టే వాళ్ళకూ “దౌ” అనీ “యు” అనీ రెండు మాటలుండేవి. “యు” మొదట చాలామందిని కలిపి పిలిచే మాట. తరవాత, మన “మీరు” లాగే, ఒక్క మనిషిని గౌరవించటానికి కూడా పనికివచ్చింది. ఆ రోజుల్లో పెద్దమనిషిని “దౌ” అనటం చిన్న విషయం కాదు. 1603లో సర్ వాల్టర్ రాలీ అనే పేరు మోసిన నావికుడి మీద రాజద్రోహ నేరం మోపి వించెస్టర్ పట్నంలో విచారణ జరిపారు. ప్రభుత్వం తరపున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆయనను అవమానించదలచి, నిండు కచేరీలో పనిగట్టుకుని “దౌ” అని పిలిచాడు. మనవాళ్ళు కోపం వస్తే “ఒరేయ్” అనటం లేదూ, అట్లాగే!

తరవాత క్వేకర్లనే మతస్థులు వచ్చారు. దేవుడి ముందు అందరూ సమానమే గనక ఎంత గొప్పవాణ్ణి అయినా “దౌ” అనే అంటామని వాళ్ళు పట్టుబట్టారు. ఒక్క మనిషిని బహువచనంలో పిలవటం వ్యాకరణానికే విరుద్ధమని జార్జి ఫాక్స్ మరి ఇద్దరితో కలిసి ఎన్నో భాషల నుంచి ఉదాహరణలు తీసి, 1660లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు. ఈ పట్టుదలకు క్వేకర్లు తిట్లు తిన్నారు, దెబ్బలు కూడా తిన్నారు. అయినా లాభం లేకపోయింది. నెగ్గినది “యు”. రాజుగారికీ “యు”, కుక్కపిల్లకీ “యు”! ఊళ్ళో అందరికీ ఒకే బిరుదు ఇస్తే ఇక ఆ బిరుదుకు విలువేముంటుంది? “యు”లో ఉండిన గౌరవం ఆవిరైపోయింది. మర్యాద చూపే పని తక్కిన మాటల మీద పడ్డది.

ఆ మాటల్లో మీ అందరికీ తెలిసినది “ప్లీజ్”. “ఇఫ్ యు ప్లీజ్”, అంటే “మీకు ఇష్టమైతే” అనే పెద్ద మాటకు ఇది తోక. మనకు బళ్ళో “ప్లీజ్” అంటే “దయచేసి” అని చెబుతారు. చెబితే చెప్పారుగాని, మనం ఇంట్లో ఎన్నడైనా “అమ్మా, దయచేసి పప్పు వెయ్యి” అంటామా? “దయచేసి” అన్నది రైలు స్టేషను మైకులో వినే మాట, నోటీసు బోర్డు మీద చదివే మాట. “దయచేయండి” సంగతి మరీ తమాషా. అది లోపలికి రమ్మనే మాట. గొంతు కాస్త మారిస్తే బయటికి పొమ్మనే మాట కూడానూ! ఇంగ్లీషువాళ్ళ “ప్లీజ్” అట్లాంటిది కాదు. బిస్కత్తు కోసం చెయ్యి చాచే రెండేళ్ళ పిల్ల చేత కూడా తల్లి “ప్లీజ్” అనిపిస్తుంది.

అయితే ఒక్క “ప్లీజ్”తో పని అంతా అయిపోదు. “ప్లీజ్ గివ్ మి ద పేపర్” అన్నా అది ఆజ్ఞే. ఆజ్ఞకు ఇస్త్రీ చొక్కా తొడిగినట్టన్న మాట! అసలు కిటుకు ఏమిటంటే, ఆజ్ఞను ప్రశ్నగా మార్చటం. “కుడ్ యు గివ్ మి ద పేపర్, ప్లీజ్?” అని మన కుర్రవాడు అడిగి ఉంటే ఆవిడ నవ్వుతూ ఇచ్చి ఉండేది. ప్రశ్న అడిగినప్పుడు అవతలివాళ్ళకు కాదనటానికి కూడా వీలుంటుంది. మర్యాద అంతా ఆ వీలులోనే ఉన్నది. ఇది మనకు కొత్తేమీ కాదు. బస్సులో “జరుగు” అనక “కాస్త జరుగుతారా?” అనటం లేదూ?

ఇక్కడ చురుకైనవాళ్ళకు ఒక సందేహం రావాలి. “కెన్” అన్నదానికి “కుడ్” భూతకాల రూపం గదా, కాగితం కావలసినది ఇప్పుడు గదా, భూతకాలం ఎందుకూ అని. మీ అమ్మ పొరుగింటికి వెళ్ళి జల్లెడ అడిగేటప్పుడు ఒకసారి చెవి ఒగ్గి వినండి. “వదినగారూ, మీ జల్లెడ ఒక గంటసేపు అడుగుదామనుకున్నానండీ,” అంటుంది. అనుకోవటం అయిపోయిందా? లేదు, గుమ్మంలో నిలబడి ఇంకా అనుకుంటూనే ఉన్నది. కాని “జల్లెడ కావాలి” అనేదానికీ దీనికీ ఎంత తేడా! కోరికను ఒక్క అడుగు గతంలోకి జరిపితే దాని బరువు తగ్గిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు చేసేదీ ఇదే. “ఐ వాంటెడ్ టు ఆస్క్ యు” అనటమూ, “కెన్” బదులు “కుడ్”, “విల్” బదులు “వుడ్” వాడటమూ అంతా మీ అమ్మ అన్న “అనుకున్నానండీ” వంటిదే. అందుచేత ఇది బట్టీ పట్టవలసిన పని లేదు.

ఇక అనుమతి అడగటం. “మే ఐ కమిన్, సర్?” అనని బడి పిల్లవాడు మన దేశంలో ఉండడు. “కెన్ ఐ” అంటే కొందరు పాతకాలపు మేష్టర్లు ఊరుకునేవారు కాదు. “కెన్ ఐ గో అవుట్?” అంటే “నేను బయటికి వెళ్ళగలనా?” అని గదా అర్థం. “కాళ్ళున్నాయి, తలుపున్నది, వెళ్ళలేకేం!” అని ఎగతాళి చేసేవారు. ఈనాడు ఇంగ్లీషువాళ్ళే మామూలు మాటల్లో “కెన్ ఐ”, “కుడ్ ఐ” అంటున్నారు. “మే ఐ” కాస్త పెద్దరికం గల మాటగా నిలిచింది. బళ్ళో అదే అనండి, తప్పులేదు. జవాబు చెప్పేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. “కుడ్ ఐ సిట్ హియర్?” అని ఎవరైనా అడిగితే, “యెస్, యు కుడ్” అనరాదు, “యెస్, యు కెన్” అనాలి. అడిగేవాడు ఒక అడుగు వెనక్కు వెయ్యాలి గాని, ఇచ్చేవాడికి ఆ అవసరం లేదు.

“మే” అన్నది మర్యాద మాట గదా అని కొందరు “మే యు గివ్ మి యువర్ పెన్?” అంటూ ఉంటారు. “మే” అడిగేవాడి పక్కన నిలుస్తుంది. “మే ఐ” అనాలి, “మే వి” అనాలి. “మే యు” అని మొదలుపెడితే అది దీవెన! “నీవు నూరేళ్ళు జీవింతువు గాక!” అన్న వరస. కాబట్టి “మే యు గివ్” అన్నవాడు, గడ్డం నిమురుకుంటూ చెయ్యెత్తి, “నాయనా, నీవు నాకు కలమిత్తువు గాక!” అన్న ఋషిలాగా ఉంటాడు. కలం కావాలంటే “మే ఐ బారో యువర్ పెన్?” అనండి, లేదా “కుడ్ యు లెండ్ మి యువర్ పెన్?” అనండి. మొదటిది నేను తీసుకోవచ్చునా అని అనుమతి. రెండోది మీరు ఇస్తారా అని అర్థింపు.

మన “నా” ప్రశ్నలతోటి కూడా ఒక పేచీ ఉన్నది. “లోపలికి రానా?” అన్నా, “సంచీ మొయ్యనా?” అన్నా మనకు రూపం ఒక్కటే. కాని మొదటిది అనుమతి, రెండోది సాయం. ఇంగ్లీషులో మొదటిదానికి “మే ఐ” కావాలి, రెండోదానికి “షల్ ఐ” కావాలి. ముసలావిడ బరువు మోస్తూంటే “షల్ ఐ క్యారీ ద బ్యాగ్?” అనటం సొంపుగా ఉంటుంది.

అన్నిటికన్న గడుసు ప్రశ్న “డు యు మైండ్” అన్నది. పార్కులో బల్ల మీద మీరు ఒక్కరే కూర్చున్నారు. ఒకాయన వచ్చి, “డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?” అన్నాడు. మీరు ఎంతో ఆదరంగా, “యెస్! యెస్!” అన్నారు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోవచ్చు. ఎందుకంటే ఆయన అడిగినది, “నేనిక్కడ కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా?” అని. మీరు చెప్పినది, “అవును! అవును!” అని. ఇక్కడ “నో” అంటేనే ఒప్పుకున్నట్టు. “నాట్ ఎట్ ఆల్” అంటే ఇంకా బాగుంటుంది.

అయితే ప్రతి చోటా పొడుగాటి మర్యాదలు పనికిరావు. అడిగే సాయం పెద్దదైతే మాట పొడుగు కావాలి, చిన్నదైతే చిన్న మాట చాలు. జతగాణ్ణి రబ్బరు అడగటానికి “కెన్ ఐ” చాలు. చెల్లాయి రోడ్డు మీదికి పరుగెత్తుతూ ఉంటే, ఎదర కారు వస్తూ ఉంటే, “కుడ్ యు ప్లీజ్ స్టాప్?” అని సాగదీయకండి. “స్టాప్!” అని గట్టిగా అరవండి.

ఇదంతా నాలిక మీద నిలవటానికి ఇంగ్లీషు పిల్లలు ఆడే ఆట ఒకటి ఉన్నది. పేరు “మదర్, మే ఐ?” సెలవు రోజున ఆడి చూడండి. ఒకరు “అమ్మ”గా దూరాన నిలబడాలి. తక్కినవాళ్ళు ఒక గీత మీద వరసగా నిలవాలి. అమ్మ ఒక్కొక్కరినే పిలిచి, “మూడు పెద్ద అడుగులు వెయ్యి,” అనో, “రెండు కప్ప గంతులు వెయ్యి,” అనో ఇంగ్లీషులో చెబుతుంది. చెప్పింది గదా అని వెంటనే అడుగు వెయ్యరాదు. “మదర్, మే ఐ?” అని అడగాలి. “యెస్, యు మే,” అంటే వెయ్యవచ్చు. “నో, యు మే నాట్,” అంటే అక్కడే ఆగాలి. అడగటం మరిచి అడుగు వేసినవాడు, అమ్మకు బెత్తెడు దూరంలో ఉన్నా సరే, తిరిగి మొదటి గీత దగ్గరికి పోవలసిందే. ముందుగా వచ్చి అమ్మను ముట్టుకున్నవాళ్ళది గెలుపు. మరుసటి ఆటకు వాళ్ళే అమ్మ.