వైకుంఠపాళిలో ఒక భయానక కథ

తెలుగు పిల్లలచేత కథలు రాయించాలనుకునే ఉపాధ్యాయ మిత్రులారా, ఒక సూచన. లవ్‌క్రాఫ్ట్ కథల ఆధారంగా 1987లో ఆర్కమ్ హారర్ అనే బోర్డు ఆట వెలువడింది. తరువాత ఆ ఆటలోకంలోనే నవలలు వచ్చాయి. వాటిలోని అసలు భయం దయ్యాలది కాదు. మనిషిని లెక్కచేయని విశ్వం ముందు మనమెంత అల్పులమో తెలియడం.

అటువంటి కథకు మన కోలారులో సామగ్రి కొరతా? వైకుంఠపాళిని చూడండి. అందులో పాము మింగేది పాపానికి, నిచ్చెన ఎక్కించేది పుణ్యానికి. ఆ కారణాలను తొలగిస్తే పటమంతా భయంకరమవుతుంది. 2001లో మూతపడిన మన బంగారు గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగాయి. అక్కడ రాళ్ళు పేలి కార్మికులు మరణించారు. ఆ రాయి ఎవరి పాపపుణ్యాలనూ విచారించలేదు. విశ్వకిరణాలవల్ల వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను శాస్త్రజ్ఞులు 1965లో కనుగొన్నదీ ఆ గనులలోనే.

కనుక పటాన్ని తలక్రిందులు చేయించండి. చివరి గడి గని అడుగున ఉండనివ్వండి. అక్కడ ఏమున్నదో పిల్లలనే రాయమనండి, తాతలు ఇంట్లో చెప్పిన మాటలతోనే. పరీక్షల వ్యాసాలకే పరిమితమైన తెలుగు వారికి త్వరలోనే పరాయిదవుతుంది. తమ భయాన్ని చెప్పుకోగలిగిన భాషను మాత్రం ఏ పిల్లవాడూ అంత తేలికగా విడిచిపెట్టడని నా నమ్మకం.