మసాలా డబ్బా: దాల్చినచెక్క వంటకే, మందుబిళ్ళకు బదులు కాదు

ఈ వారం మన మసాలా డబ్బాలోంచి దాల్చినచెక్కను తీద్దాం.

మా వికారాబాద్, తాండూరు వైపు దావత్ అంటే బగారా అన్నం, దాని పక్కన దాల్చా ఉండాల్సిందే. దాల్చాకు తాండూరు కందిపప్పు ఉంటే ఇక చెప్పేదేముంది! నల్లరేగడిలో పండే ఈ కందికి 2022లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది.

దాల్చాకు కావలసినవి: కందిపప్పు 1 గ్లాసు, సోరకాయ ముక్కలు 2 గ్లాసులు, ఉల్లిగడ్డలు 2, పచ్చిమిర్చి 4, నిమ్మకాయంత చింతపండు, అంగుళం దాల్చినచెక్క, లవంగాలు 3, యాలకులు 2, అల్లం వెల్లుల్లి ముద్ద 1 చెంచా, పసుపు, కారం, ఉప్పు, నూనె, పుదీనా, కొత్తిమీర.

చేసే విధానం: పప్పు పసుపు వేసి మెత్తగా ఉడికించి మెదపండి. నూనెలో చెక్క, లవంగాలు, యాలకులు సన్నని మంట మీద వేయించాలి. మాడితే చేదు వస్తుంది సుమా! ఉల్లిగడ్డ, మిర్చి ఎర్రగా వేగాక అల్లం ముద్ద, కారం, ఉప్పు, సోరకాయ ముక్కలు, కాసిని నీళ్ళు వేసి మగ్గనివ్వండి. ముక్క ఉడికాకే చింతపండు పులుసు, పప్పు కలపాలి. పది నిమిషాలు మరిగించి ఆకులు చల్లి దించేయండి.

పిల్లలకు కేకు చేసేవాళ్ళు పావుకిలో పిండికి అర టీస్పూను దాల్చినపొడి, రెండు మగ్గిన అరటిపండ్లు కలిపి చూడండి. కమ్మగా ఉంటుంది.

ఇక అసలు మాట. షుగరు తగ్గుతుందని పొద్దున్నే చెంచాడు దాల్చినపొడి నీళ్ళలో కలుపుకుని తాగి, బిళ్ళలు మానేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. షుగరు విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా దీన్ని వైద్యంగా వాడమనడం లేదు.

పైగా చెక్కల్లో రకాలున్నాయి. కిరాణాకొట్లో ఎక్కువగా దొరికే మందపాటి, గట్టి చెక్క కాసియా. శ్రీలంక చెక్క కాగితం పొరలు చుట్టినట్టు సన్నగా ఉండి, చేత్తో విరిస్తే విరుగుతుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది రోజూ మితిమీరితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. 60 కిలోల మనిషి రోజూ తీసుకుంటే 2 గ్రాములు దాటకూడదని, 15 కిలోల పిల్లలకు అర గ్రామేనని జర్మనీ ఆహార నిపుణుల లెక్క. నిండు టీస్పూను పొడి అంటే 2 గ్రాములు దాటినట్టే! కాలేయం జబ్బున్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్త.

కూరలో, అన్నంలో వేసే అంగుళం ముక్కకు భయపడనక్కరలేదు. ఆ ముక్కను నలుగురం పంచుకుని తింటాం, చెక్కను పక్కన పెట్టేస్తాం కదా!

చెక్కను చెక్కగానే కొని, గాలి తగలని సీసాలో దాచుకుని, కావలసినప్పుడే పొడి కొట్టుకోండి. వాసన నిలుస్తుంది, కల్తీ బెడదా తగ్గుతుంది.