బోల్టుకు పట్టడం వేరు... బండికి సరిపోవడం వేరు!

గతుకులు దాటాక కూడా మీ వెనక కూర్చున్నవాళ్లు ఇంకా ఊగుతూనే ఉన్నారా? బండి షాక్ అబ్జార్బర్లను ఓసారి చూడండి. చుట్టూ నూనె జిడ్డు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, మార్చాల్సిందే. పాత మోడల్ బండికి కంపెనీ సరుకు దొరకనప్పుడే అసలు చిక్కు. 'ఏదైనా పట్టేస్తుంది సార్' అంటాడు షాపువాడు. నిజమే, బోల్టుకు పట్టేస్తుంది.

వెనక రెండు షాక్‌లున్న మోటార్‌సైకిల్‌నే తీసుకుందాం. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం గాల్లో ఉండేలా చూడండి. నేలకు తగులుతుంటే స్టాండు కింద చెక్క పలక పెట్టండి. చక్రం నేల మీద ఉండగా కొలిస్తే బండి బరువుకు స్ప్రింగు అణిగి, కొలత తక్కువొస్తుంది. ఒక్క షాక్‌నే విప్పండి, రెండోది ఉండనివ్వండి. పై రంధ్రం నడిమధ్య నుంచి కింది రంధ్రం నడిమధ్యకు ఎన్ని మిల్లీమీటర్లో చూడాలి. నడిమధ్య దొరకడం లేదా? రెండు రంధ్రాలూ ఒకే సైజువైతే పైదాని పై అంచు నుంచి కిందిదాని పై అంచుకు టేపు పెట్టండి. అదే లెక్క వస్తుంది. చాలామంది ఈ చివర నుంచి ఆ చివరకు కొలుచుకెళ్తారు. ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

వెనక ఎత్తుగా ఉంటే 'లుక్కొస్తుంది' అని కుర్రాళ్లు కావాలనే పొడవైనవి బిగిస్తుంటారు. లుక్కు మాటెలా ఉన్నా ముందు ఫోర్కు నిటారవుతుంది. హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది, వేగంలో నిలకడ తగ్గుతుంది. చైన్ బిగువు మారుతుంది. సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరిగిపోతుంది. సెంటర్ స్టాండ్ వేసినా చక్రం నేలను వదలకపోవచ్చు, ఇక పంక్చరైతే చూడాలి తమాషా!

పొట్టివైతే ఇంకో బాధ. ఇద్దరెక్కి గోతిలో దిగితే టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటుంది. అందుకే షాక్ పూర్తిగా అణిగినప్పుడు ఎంత పొడవుంటుందో కూడా అడగండి. అది పాతదానికన్నా తక్కువుండకూడదు.

బుష్ లోపలి రంధ్రం బోల్టుకు బిగుతుగా సరిపోవాలి. వదులైతే టకటకమని చప్పుడు, తర్వాత బోల్టు అరుగుదల. వాషర్లు పెట్టి సర్దుతానంటే వద్దనండి. వాషరు పక్క ఖాళీని పూడ్చగలదేగానీ రంధ్రాన్ని చిన్నది చేయలేదు.

ఒకటే పాడైనా జత మార్చాలి. బిగించాక ఇద్దరెక్కి కూర్చుని, స్ప్రింగు చైన్ కవరుకూ సైలెన్సరుకూ తగలడం లేదని చూశాకే మెకానిక్‌కు డబ్బులివ్వండి.