మోకాలి ఖరీదు ఎవరు కట్టాలి?

2025 ప్రొ కబడ్డీ వేలంలో పర్‌దీప్ నర్వాల్ పేరు పిలిస్తే ఒక్క జట్టూ ముందుకు రాలేదు. 1,801 రైడ్ పాయింట్లతో లీగ్ చరిత్రలోనే అందరికంటే పైనున్న ఆటగాడు అతను. పట్నా పైరేట్స్‌కు వరుసగా మూడు టైటిళ్లు తెచ్చాడు. 2017లో ఒక్క సీజన్‌లోనే 369 రైడ్ పాయింట్లు సాధించాడు. 2021లో యూపీ యోధా అతణ్ని రూ.1.65 కోట్లకు కొన్నది. 2024కు వచ్చేసరికి ధర రూ.70 లక్షలకు పడింది. ఆ మరుసటి ఏడాది కొనేవాళ్లే లేరు. కొద్ది రోజులకే ఆటకు సెలవు చెప్పాడు. అప్పటికి అతని వయసు 28.

తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కబడ్డీ ఆడని ఊరు వెతికినా దొరకదు. సంక్రాంతి వచ్చిందంటే మట్టి కోర్టు తడిపి, సున్నంతో గీతలు గీసి, ఫ్లడ్‌లైట్లు కట్టి పోటీలు పెడతారు. మొదటి బహుమతి ఫలానా నాయకుడిది, రెండోది ఫలానా కాంట్రాక్టరుదని ఫ్లెక్సీలు వెలుస్తాయి. 2014లో లీగ్ మొదలై టీవీలోకి వచ్చాక ఈ పిల్లలకు కొత్త ఆశ పుట్టింది. ఆ ఆశను నేను తక్కువ చేయను. ఇంటర్ తప్పి ఊళ్లో ఉన్న కుర్రాడికి తెల్లవారకముందే లేచి పరుగెత్తడానికి ఒక కారణం దొరకడం మామూలు విషయం కాదు. నా బాధల్లా ఆ పిల్లవాడి కాలికి దెబ్బ తగిలిన రోజు గురించే.

ఒళ్లు అరిగాక ఆటగాడికి ఏమవుతుందో తెలియాలంటే ఇంకో ఆట వైపు చూడాలి. కూతకు వెళ్లిన ఆటగాడి పని అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ చేసే పనికి చాలా దగ్గర. బంతిని చంకలో ఇరికించుకుని, మీదకు వచ్చిపడే భారీకాయుల మధ్య సందు చూసుకుని దూరిపోవడమే రన్నింగ్ బ్యాక్ బతుకు. మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ డాలస్‌లో కౌబాయ్స్ జట్టుకు ఎజెకీల్ ఎలియట్ అలాగే ఆడాడు. 2016లో అడుగుపెట్టిన ఏడాదే 1,631 గజాలతో లీగ్‌లో అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తాడు. 2019లో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2023 మార్చిలో జట్టు అతణ్ని వదిలేసింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఆ ఆటలో కొత్తగా వచ్చినవాళ్ల తొలి ఒప్పందం సాధారణంగా నాలుగేళ్లు. రన్నింగ్ బ్యాక్ ఒంట్లో సత్తువ ఉండే కాలమూ దాదాపు అంతే. అంటే బాగా పరుగెత్తే రోజుల్లో చవగ్గా దొరుకుతాడు, అడిగినంత తీసుకునే వేళకు అరిగిపోయి ఉంటాడు.

అయినా అక్కడ ఒక ఆసరా ఉంది. 1956 నుంచీ ఆటగాళ్ల సంఘం ఉంది, అది లీగ్‌తో సామూహిక ఒప్పందం కుదుర్చుకుంటుంది. మూడు సీజన్లు లెక్కలోకి వస్తే చాలు, పింఛనుకు హక్కు వస్తుంది. మన కబడ్డీ ఆటగాడి తరఫున బల్ల దగ్గర కూర్చుని బేరమాడే అలాంటి సంఘం లేదు. రెండు మూడు నెలల సీజన్‌కు డబ్బు వస్తుంది, మిగతా ఏడాదంతా అతని తంటాలు అతనివే.

మోకాలి గాయం ఎలా అవుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. రైడర్ బోనస్ గీత దాటి గిరుక్కున వెనక్కి తిరుగుతాడు. మూలనున్న డిఫెండర్ చీలమండ దొరకబుచ్చుకుంటాడు. పాదం నేలకు అతుక్కుపోతుంది, ఒళ్లు తిరిగిపోతుంది, ఆ రెంటి మధ్య మోకాలు నలిగి లోపలి లిగమెంట్ తెగుతుంది. తెగితే దానంతట అది అతుక్కోదు. ఆపరేషన్ చేయించుకున్నా మళ్లీ కోర్టులో దిగడానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. అంతకాలం రోజూ ఫిజియోథెరపీ చేయాలి. ఊళ్లో జరిగేది వేరు. ఐస్ పెట్టి, స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, వారం తిరక్కుండానే మళ్లీ ఆడిస్తారు. స్కానింగ్ కోసం గద్వాల పిల్లవాడు కర్నూలు బస్సెక్కే వేళకు లోపల మృదులాస్థి కూడా చిరిగి ఉంటుంది.

పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ రూ.2.26 కోట్లకు కొన్నది. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. అయినా 2023లో కెప్టెన్‌గా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, తెలుగు టైటాన్స్ నుంచి రూ.2.6 కోట్లు అందుకున్నాడు. కష్టపడితే తిరిగి రావచ్చనడానికి కోచ్‌లు ఈ కథే చెబుతారు. పవన్ పట్టుదల గొప్పదే. కానీ మంచి సర్జన్, నెలల తరబడి తిండికి దిగుల్లేని విశ్రాంతి దొరికినప్పుడే పట్టుదలకు ఫలితం. కల్వకుర్తి దగ్గరి ఊళ్లో కౌలు రైతు కొడుక్కి ఆ రెండూ ఎవరిస్తారు?

ఈ మూడు జిల్లాలూ ఉన్న పాలమూరుకు ఈ లెక్క కొత్తది కాదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, దేశంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి మోసి, నడుం పోయాక తిరిగొచ్చిన మనుషులు ఇక్కడ ప్రతి ఊళ్లో ఉన్నారు. సత్తువ ఉన్నన్నాళ్లే బేరం, అరుగుదల మాత్రం కూలివాడి ఇంటికే. ఆ తాతల మనవళ్లు ఇవాళ కబడ్డీ ఆడుతున్నారు. వేలం వెలుగుల్లో జరుగుతుంది, అంకెలు పెద్దవి. గాయం ఎవరి ఖాతాలో పడుతుందన్న విషయంలో మాత్రం మార్పు లేదు.

రాష్ట్ర ప్రభుత్వం సీఎం కప్ పేరుతో గ్రామస్థాయి నుంచి పోటీలు జరుపుతోంది. ఊరూరా క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది. ఇవన్నీ మంచివే, అయితే గెలిచినవాడి కోసం పెట్టినవి. సర్టిఫికెట్ దాకా రాకముందే కాలు విరిగినవాడికి వీటిలో ఏదీ అక్కరకు రాదు. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అంటారు. అది ప్రమాదంలో చనిపోతేనో శాశ్వత వైకల్యం కలిగితేనో డబ్బిస్తుంది, లిగమెంట్ ఆపరేషన్ ఖర్చు ఇవ్వదు. పైగా 18 ఏళ్లు నిండినవాళ్లకే. మన టోర్నమెంట్లలో ఆడేవాళ్లలో ఇంటర్ పిల్లలు ఎంతమందో నిర్వాహకులకు తెలియనిది కాదు.

కాబట్టి సీఎం కప్‌లో పేరు నమోదైన రోజే ఆ పిల్లవాడికి చికిత్స ఖర్చు భరించే బీమా మొదలవ్వాలి. దాని ప్రీమియం క్రీడా శాఖే కట్టాలి. ఈ మూడు జిల్లా కేంద్రాల ఆసుపత్రుల్లో క్రీడా గాయాలు చూసే ఫిజియోథెరపిస్టు ఒక్కరైనా ఉండాలి. ఆట ఆగిపోయినవాడు కోచ్‌గానో పీఈటీగానో మారడానికి, పటియాలా ఎన్ఐఎస్ డిప్లొమాకో బీపీఈడీకో వెళ్తే ఫీజు సర్కారు భరించాలి. పదేళ్లు కూత పెట్టినవాడికి తెలిసిన ఆట పుస్తకాల్లో ఉండదు. ఇక సంక్రాంతి పోటీలకు అనుమతి అడిగే నిర్వాహకుల నుంచి పోలీసులు మైకు, బందోబస్తు వివరాలు ఎలాగూ తీసుకుంటారు. ఆ దరఖాస్తులోనే ఆటగాళ్ల బీమా కాగితం కూడా జతచేయమనాలి. ఆ ప్రీమియం డబ్బు మొదటి బహుమతిలో కోసుకున్నా ఏ జట్టూ అభ్యంతరం చెప్పదు.